ఎం340ఐకి గొంతు తెప్పించడం: టర్బో కారు ఎగ్జాస్ట్ మార్పుల్లో ఏది డబ్బుకి తగినది

బీఎండబ్ల్యూ ఎం340ఐ మన దేశానికి 2021 మార్చిలో వచ్చింది. చెన్నై ప్లాంట్‌లో బిగించిన కారు. వచ్చినప్పుడు 387 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్, సున్నా నుంచి వందకి 4.4 సెకన్లు. బానెట్ కింద ఉన్నది బీ58: వరసగా ఆరు సిలిండర్లు, 2,998 సీసీ, ఒకే ఒక్క ట్విన్ స్క్రోల్ టర్బో. టొయోటా జీఆర్ సూప్రాలోనూ, జడ్4 ఎం40ఐలోనూ ఉన్నది ఈ ఇంజినే. ఇంత ఇంజిన్ పెట్టి కూడా కంపెనీ దాని గొంతు మీద దుప్పటి కప్పి పంపింది. అందుకే ఈ కారు కొన్నవాళ్లలో చాలామంది టైర్ల కంటే ముందు సైలెన్సర్ గురించి అడుగుతారు.

ఈ ఇంజిన్ మీద బజారులో అమ్మే మార్పులు ముఖ్యంగా ఐదు: వెనక సైలెన్సర్, మధ్య గొట్టం, డౌన్‌పైప్ (టర్బోకి ఆనుకుని ఉండే గొట్టం), పాప్స్ అండ్ బ్యాంగ్స్ ట్యూన్ (ఎక్సలరేటర్ వదిలినప్పుడు టపటపలాడించే సాఫ్ట్‌వేర్ మార్పు), స్పీకర్లలో వచ్చే శబ్దాన్ని ఆపే కోడింగ్. తీర్పు ముందే చెప్పేస్తాం. ఫ్లాప్, అంటే గొట్టంలో తెరుచుకుని మూసుకునే చిన్న తలుపు, ఉన్న మంచి వెనక సైలెన్సర్ ఒక్కటి మార్చి, స్పీకర్ శబ్దాన్ని ఆపేస్తే ఈ కారులో దొరికే సంతోషంలో ముప్పాతిక వంతు దొరికినట్టే. మిగతా మూడూ ఖర్చుతో పాటు తలనొప్పిని కూడా తెస్తాయి. ఎందుకో తెలియాలంటే టర్బో, అంటే ఎగ్జాస్ట్ వాయువు తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే చక్రం, శబ్దాన్ని ఏం చేస్తుందో చూడాలి.

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ వేడి వాయువు ఒక దెబ్బలా బయటికి తన్నుకొస్తుంది. టర్బో లేని ఇంజిన్‌లో ఆ దెబ్బ పదును తగ్గకుండా గొట్టంలోకి దిగుతుంది. టర్బో ఉన్నదాంట్లో అది ముందు టర్బైన్ రెక్కల మధ్య నుంచి దూరాలి. చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ ఆ దెబ్బలో ఉన్న శక్తినే తిని బతుకుతుంది. పోయేది మొదట పదునే. సంగీతం భాషలో చెప్పాలంటే తారస్థాయి టర్బైన్ దగ్గరే చాలావరకు అరిగిపోతుంది, మంద్రస్థాయి మిగిలిపోతుంది. ఆ వెంటనే క్యాటలిటిక్ కన్వర్టర్ వస్తుంది, పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా, పొట్టిగా క్యాట్. సన్నని తేనెపట్టు గదుల్లోంచి వెళ్తూ ఇంకొంచెం పదును పోతుంది. మసి కణాల్ని పట్టే పెట్రోల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న దేశాల్లో దాని వంతు కూడా కలుస్తుంది. పైగా ఐరోపా శబ్ద నియమం, అంటే ఐక్యరాజ్యసమితి 51వ నియమావళి మూడో సవరణ, 2016 నుంచి మూడు దశల్లో బిగుస్తోంది. మామూలు కార్లకి 72, తర్వాత 70, తర్వాత 68 డెసిబెళ్లు. బరువుకి మించిన బలమున్న కార్లకి పరిమితి కొంచెం ఎక్కువ, అంతే. కొత్త కార్లు పాతవాటికన్నా మెత్తగా మాట్లాడటానికి పెద్ద కారణం ఇది.

ఇక సైలెన్సర్లు రెండు జాతులు. మొదటిది స్ట్రెయిట్ త్రూ: చిల్లుల గొట్టం, దాని చుట్టూ గాజు నారో బసాల్ట్ నారో కూరిన డబ్బా. ఇది తారస్థాయిని బాగా పీలుస్తుంది, మంద్రాన్ని దాదాపు ముట్టుకోదు. రెండోది గదుల సైలెన్సర్: లోపల అడ్డుగోడలు, వెనక్కి తిప్పే గొట్టాలు. మంద్రాన్ని అణిచేది ఇది. కంపెనీ సైలెన్సర్‌లో రెండూ కలిసి ఉంటాయి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. బరువైన కంపెనీ డబ్బా తీసేసి సన్నటి స్ట్రెయిట్ త్రూ డబ్బా వేయిస్తారు. టర్బైన్ అప్పటికే చేసిన పనినే అది మళ్లీ చేస్తుంది. అణచాల్సిన మంద్రం మాత్రం ఏ అడ్డూ లేకుండా క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రావాల్సిన గొంతు రాదు, లేని హోరు వస్తుంది. మెకానిక్‌లు డ్రోన్ అనేది ఈ హోరునే.

ఈ హోరు ఎక్కడ వస్తుందో కాగితం మీదే లెక్క వేయొచ్చు. నాలుగు స్ట్రోకుల ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకి మూడు దెబ్బలు. నిమిషానికి 1,500 చుట్లంటే సెకనుకి 75 దెబ్బలు, 75 హెర్ట్జ్. 2,000 అంటే 100 హెర్ట్జ్. మూసి ఉన్న సెడాన్ క్యాబిన్‌లో చెవి మీద బరువు పెట్టినట్టు అనిపించేది 80 నుంచి 110 హెర్ట్జ్ దాకా. ఎం340ఐ ఎనిమిదో గేరులో గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సుమారు 1,500 దగ్గర, 120 వేగంలో సుమారు 1,750 దగ్గర ఉంటుంది. రెండోది 87 హెర్ట్జ్. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 120. అంటే ఈ కారుకి తప్పు సైలెన్సర్ వేయిస్తే 158 కిలోమీటర్ల ఔటర్ మొత్తం హోరులోనే నడుస్తుంది. షాపు ముందు ఆగి ఉన్న కారులో ఎక్సలరేటర్ తొక్కి వినిపించే శబ్దాన్ని బట్టి కొనొద్దని చెప్పేది ఇందుకే. అక్కడ వినపడేది ఊళ్లో వచ్చే శబ్దం, మీరు బతకాల్సింది 1,750 దగ్గర.

నాలుగు సిలిండర్ల టర్బో కార్లకి ఇది ఇంకా కష్టం. చుట్టుకి రెండే దెబ్బలు కాబట్టి అదే 87 హెర్ట్జ్ 2,600 చుట్ల దగ్గర తగులుతుంది, పైగా స్వరం కూడా ఆరు సిలిండర్లంత నునుపుగా ఉండదు. గోల్ఫ్ జీటీఐ లాంటి కార్ల యజమానులు ఈ సమీక్షలో డౌన్‌పైప్ గురించి, బిగింపు గురించి చెప్పేవి నేరుగా తీసుకోవచ్చు, హోరు లెక్క మాత్రం తమ గేర్లకి వేసుకోవాలి.

హోరుకి అసలు మందు క్వార్టర్ వేవ్ గొట్టం. ప్రధాన గొట్టం నుంచి ఒక కొమ్మ తీసి, దాని రెండో చివర మూసేస్తారు. శబ్ద తరంగం అందులోకి వెళ్లి, మూతకి కొట్టుకుని, సరిగ్గా ఎదురు దశలో తిరిగొచ్చి తన తోటి తరంగాన్ని చంపేస్తుంది. కొమ్మ పొడవు ఎంత ఉండాలంటే, వాయువులో శబ్ద వేగాన్ని హెర్ట్జ్‌కి నాలుగు రెట్లతో భాగించాలి. వెనక గొట్టంలో వాయువు 300 డిగ్రీల వేడిలో ఉంటే శబ్ద వేగం సెకనుకి 480 మీటర్లు. 90 హెర్ట్జ్‌ని చంపాలంటే 480ని 360తో భాగించాలి, 1.33 మీటర్లు వస్తుంది. అదే వాయువు 200 డిగ్రీలే ఉంటే వేగం 436కి పడిపోతుంది, కొమ్మ 1.21 మీటర్లే చాలు. కాబట్టి ఒక్క కొమ్మ అన్ని వేళలా సరిగ్గా పనిచేయదు. నిలకడగా పోయే వేగంలో గొట్టం ఎంత వేడిగా ఉంటుందో థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) పెట్టి కొలిచి, ఆ వేడికి తగ్గట్టు కోయాలి. సుమారుగా కోసిన కొమ్మ వల్ల హోరు తగ్గదు, 200 చుట్లు అటో ఇటో జరుగుతుంది. గొట్టాలు కోసి వెల్డ్ చేసే ఫాబ్రికేటర్‌ని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: కొమ్మ పొడవు ఎలా తేలుస్తావు? కొలిచి అన్నవాడికి పని ఇవ్వండి.

అమెరికా కంపెనీ ఏడబ్ల్యూఈ తన టూరింగ్ రకాల్లో వాడే 180 టెక్నాలజీ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. తరంగాన్ని పక్క గదిలోకి పంపి, 180 డిగ్రీల ఎదురు దశలో తిప్పి కలపడం. ఆ కంపెనీ ట్రాక్ అని అమ్మేది ఇంకా గట్టి రకం, స్విచ్‌పాత్ అని అమ్మేది ఫ్లాపులున్న రకం. రోజూ ఆఫీసుకి నడిపే కారుకి టూరింగ్ లేదా ఫ్లాపుల రకం తప్ప మూడోది ఆలోచించనక్కర్లేదు. డల్లాస్‌లోనో బే ఏరియాలోనో ఉన్న మనవాళ్లకి ఇవి తేలిగ్గా దొరుకుతాయి. వాడిన సూప్రా కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2020 మోడల్ 335 హార్స్‌పవర్‌ది, దాని సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్‌కి రెండే ద్వారాలు. 2021 నుంచి వచ్చిన 382 హార్స్‌పవర్ దాంట్లో ఆరు ద్వారాలు, విడి మానిఫోల్డ్. టర్బో దగ్గరి భాగాలు ఆర్డర్ పెట్టేటప్పుడు సంవత్సరం తప్పు రాస్తే పెట్టె వెనక్కి పంపాల్సి వస్తుంది.

వెనక సైలెన్సర్‌కి వద్దాం. స్లొవేనియాకి చెందిన అక్రపోవిచ్ టైటానియంతో చేసే స్లిప్ ఆన్ (వెనక భాగం మాత్రమే మార్చే రకం), ఆస్ట్రియా కంపెనీ రెమస్ చేసే స్టీలు రకం, బీఎండబ్ల్యూ సొంత ఎం పర్ఫార్మెన్స్ సైలెన్సర్, ఇవి ఎక్కువగా వినిపించే పేర్లు. ఐరోపా ఆమోద ముద్ర ఉన్న కిట్ కొంటే ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి: అది నియమం లోపల ఉండేలా చేసినది, కాబట్టి డెసిబెళ్లలో పెద్ద తేడా చూపదు. మారేది స్వరం. ఫ్లాప్ మూసినప్పుడు దాదాపు కంపెనీ కారులాగే ఉంటుంది. స్పోర్ట్‌లో ఫ్లాప్ తెరుచుకుని 3,500 దాటాక ఆరు సిలిండర్ల అసలు స్వరం, మంద్రం మీద మంద్రం పేర్చుకుంటూ పైకి లేస్తుంది. మా లెక్కలో ఇదే సరైన మార్పు. పదికి ఎనిమిదిన్నర. పోయిన ఒకటిన్నర ధరకే, దిగుమతి సుంకం కలిశాక టైటానియం రకం మన దగ్గర చాలా ఖరీదు.

టైటానియం పేరు చెప్పి వసూలు చేసే డబ్బుకి నిజంగా దొరికేది ఏమిటంటే బరువు. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకి 8 గ్రాములు, టైటానియంది 4.5. వేడికి సాగడం కూడా సగమే. శబ్దం మాత్రం లోహం కంటే లోపలి గదుల అమరిక మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పలచని టైటానియం గోడ కొంచెం గలగలమనే లోహపు ధ్వని కలుపుతుంది, అది కొందరికి నచ్చుతుంది, కొందరికి నచ్చదు. బరువు కోసం కొనేవాళ్లు కొనండి. స్వరం కోసమే అయితే 304 గ్రేడ్ స్టీలు చాలు. 409 గ్రేడ్ స్టీలు చవక, కానీ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో పైన తుప్పు త్వరగా కడుతుంది.

ఫ్లాప్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తిరిగొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ దీనివే. కంపెనీ కారులో ఫ్లాప్‌ని చిన్న ఎలక్ట్రిక్ మోటారు తిప్పుతుంది, ఇంజిన్ కంప్యూటర్ దానికి ఆజ్ఞలిస్తుంది. మంచి కిట్లలో ఆ మోటారునే విప్పి కొత్త సైలెన్సర్‌కి బిగించుకునే ఏర్పాటు ఉంటుంది, డ్రైవ్ మోడ్‌ని బట్టి ఫ్లాప్ తనంతట తానే కదులుతుంది. చవక కిట్లలో విడిగా రిమోట్, విడి వైరింగ్ ఉంటాయి. కంపెనీ మోటారు ప్లగ్గు పీకేస్తే కంప్యూటర్‌లో ఫాల్ట్ నమోదవుతుంది, అందుకని కొందరు మోటారుని ప్లగ్గుతోనే ఉంచి జిప్ టై వేసి పక్కన కట్టేస్తారు. అలా కట్టేసినప్పుడు వేడి గొట్టానికి దూరంగా, నీళ్లు తగలని చోట కట్టాలి. ఇంకో సంగతి, మోటారుకీ ఫ్లాప్ ఇరుసుకీ మధ్య ఉండే చిన్న స్ప్రింగ్ ముక్కని కొత్త దానిలోకి మార్చడం మర్చిపోతే చల్లటి ఇంజిన్ మీద గణగణమని చప్పుడు వస్తుంది. అది వెల్డింగ్ పగులు అనుకుని మొత్తం విప్పేవాళ్లున్నారు. ముందు ఆ స్ప్రింగ్ చూడండి. వారానికోసారైనా స్పోర్ట్ మోడ్‌లో ఫ్లాప్ తెరిచి నడపకపోతే ఇరుసు మీద మసి కట్టి బిగుసుకుపోతుంది కూడా.

మధ్య గొట్టం, అంటే రెసొనేటర్ తీసేసి వట్టి గొట్టం వేయడం, అన్నిటికన్నా చవక. మన ఊళ్లలో ఎక్కువగా జరిగేదీ ఇదే. రెసొనేటర్ చేసే పని కొన్ని ఎంచుకున్న శ్రుతుల్ని తొలగించడం. దాన్ని తీసేస్తే శబ్దం పెరుగుతుంది, ఎంపిక పోతుంది. 2,500 నుంచి 3,500 మధ్య గరగర వస్తుంది, 1,600 నుంచి 2,000 మధ్య హోరు వస్తుంది. వెనక సైలెన్సర్ కంపెనీదే ఉంచి రెసొనేటర్ ఒక్కటి మాత్రమే తీసేస్తే ఆరు సిలిండర్ల ఇంజిన్ మీద కొంతవరకు భరించవచ్చు. రెండూ తీసేస్తే భరించలేరు. పదికి నాలుగు, అదీ వెనక సైలెన్సర్ ఉంచితేనే.

డౌన్‌పైప్ టర్బోకి సరిగ్గా ఆనుకుని ఉంటుంది, క్యాట్ అందులోనే ఉంటుంది. దాన్ని మార్చడమంటే క్యాట్‌ని మార్చడమే. క్యాట్ లేని వట్టి డౌన్‌పైప్ వేస్తే శబ్దం బాగా పెరుగుతుంది, టర్బో కొంచెం ముందుగా లేస్తుంది, నిజమే. కానీ చెక్ ఇంజిన్ లైటు పీ0420 కోడ్‌తో, అంటే క్యాట్ సరిగా పనిచేయడం లేదన్న కోడ్‌తో, వెలుగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ కాలని పెట్రోల్ వాసన క్యాబిన్‌లోకి వస్తుంది, కారు బీఎస్6 కారుగా ఉండటం మానేస్తుంది. వెనకాల బైకు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వచ్చేవాళ్లు పీల్చే గాలి అది. చదరపు అంగుళానికి 200 గదులున్న హై ఫ్లో క్యాట్ మధ్యే మార్గమని అమ్ముతారు. మంచి పూత ఉన్నవి వాసనని చాలావరకు ఆపుతాయి, చవకవి కొన్ని నెలల్లోనే పూత పోగొట్టుకుని అదే కోడ్ చూపిస్తాయి. క్యాట్ పనిని గమనించే రెండో ఆక్సిజన్ సెన్సర్‌ని వెనక్కి జరిపే స్పేసర్ పెట్టి లైటు ఆపడం రోగాన్ని దాచడమే. అమెరికాలో అయితే క్యాట్ తీయడం ఏ రాష్ట్రంలోనైనా ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. శబ్దం కోసం డౌన్‌పైప్ మార్చమని మేం ఎవరికీ చెప్పం. దీనికి మార్కులు వేయడం లేదు.

పాప్స్ అండ్ బ్యాంగ్స్ ట్యూన్ కోసం ఫోన్లు ఎక్కువగా చేసేది కొత్తగా కారు కొన్న కుర్రవాళ్లు. ఎక్సలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ కంప్యూటర్ మామూలుగా పెట్రోల్ ఆపేస్తుంది. ఈ ట్యూన్ పెట్రోల్‌ని ఆపకుండా ఉంచి, స్పార్క్‌ని బాగా ఆలస్యం చేస్తుంది. మిశ్రమం సిలిండర్‌లో కాలకుండా గొట్టంలోకి వచ్చి అక్కడ పేలుతుంది. పేలే ప్రతిసారీ ఆ వేడి మొదట ఎగ్జాస్ట్ వాల్వ్‌కి, తర్వాత టర్బైన్‌కి, తర్వాత క్యాట్‌కి తగులుతుంది. క్యాట్ లోపలి పింగాణీ తేనెపట్టు 950 డిగ్రీలు దాటిన వేడిలో పదే పదే పడితే పూత చచ్చిపోతుంది, ఇంకా వేడెక్కితే పట్టు చితికి ముక్కలు వెనక్కి వచ్చి సైలెన్సర్‌లో గలగలలాడతాయి. కంపెనీ స్పోర్ట్ మోడ్‌లోనే కొంచెం టపటప ఉంది, అది కంపెనీ లెక్కగట్టి ఉంచిన మోతాదు. అంతకు మించి అక్కర్లేదు. ఈ ట్యూన్ వేసిన సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు క్యాట్‌ని ఎండోస్కోప్‌తో చూపించమని అడగండి.

స్పీకర్ శబ్దం సంగతి చిన్నది, కానీ ఫలితం పెద్దది. ఈ కారులో యాక్టివ్ సౌండ్ డిజైన్ అనే వ్యవస్థ ఇంజిన్ చుట్లని బట్టి స్పీకర్లలో శబ్దం కలుపుతుంది. సైలెన్సర్ మార్చాక ఆ నకిలీ శబ్దం, అసలు శబ్దం ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి చేస్తాయి. బిమ్మర్‌కోడ్ లాంటి యాప్, ఫోన్‌ని కారు కంప్యూటర్‌కి కలిపే ఒక మంచి ఓబీడీ అడాప్టర్ ఉంటే పావుగంటలో ఆపేయొచ్చు, వద్దనుకుంటే మళ్లీ పెట్టుకోవచ్చు. సైలెన్సర్ కొనక ముందే ఇది ఆపి వారం నడపండి. అసలు ఇంజిన్ ఎలా ఉందో అప్పుడు తెలుస్తుంది. కొందరు అక్కడితోనే సంతృప్తి పడి సైలెన్సర్ డబ్బు మిగుల్చుకుంటారు. మార్కులు పదికి పది, ఖర్చు దాదాపు సున్నా కాబట్టి.

ఇన్‌టేక్, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారి, గురించి ఒక్క మాట. ఓపెన్ ఫిల్టర్ వేస్తే టర్బో ఈల, డైవర్టర్ వాల్వ్ ఉఫ్ శబ్దం బాగా వినపడతాయి. కానీ మే నెలలో తెలంగాణ ఎండకి బానెట్ కింది వేడి గాలిని పీల్చే ఫిల్టర్ ఇంజిన్ బలాన్ని తినేస్తుంది. మూత ఉన్న డబ్బా రకమైతేనే తీసుకోండి.

బిగింపులో ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, కనీసం నాలుగు గంటలు. రెండు స్తంభాల లిఫ్ట్ ఉన్న చోటే చేయించండి, జాకీ మీద వద్దు. పని మొదలయ్యే ముందే స్కాన్ చేసి ఉన్న ఫాల్ట్‌లు రాసిపెట్టుకోండి, తర్వాత వచ్చిన కోడ్ కొత్తదా పాతదా అన్న గొడవ ఉండదు. రబ్బరు హ్యాంగర్లు జారడానికి సబ్బు నీళ్లో సిలికోన్ స్ప్రేనో వాడాలి, గ్రీజు, ఇంజిన్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కొన్ని కిట్లకి కంపెనీ గొట్టాన్ని కోయాల్సి వస్తుంది. కోసేముందు కొత్త సైలెన్సర్‌ని వేలాడదీసి రెండుసార్లు కొలవాలి, గొట్టాన్ని అడ్డంగా నిటారుగా కోయాలి, అంచు నునుపు చేయాలి. కోసిన కంపెనీ ముక్కని పారేయొద్దు. స్లీవ్ క్లాంపు వేసి ఎప్పుడైనా వెనక్కి పెట్టుకోవచ్చు, అమ్మేటప్పుడు ధర కూడా నిలుస్తుంది.

అన్నీ వదులుగా వేలాడదీసి, మొదట వెనక బంపర్‌లో టిప్పులు (గొట్టం చివర కనిపించే ముక్కలు) సరిగ్గా నిలబెట్టి, ఆ తర్వాత ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. టిప్పు చుట్టూ 12 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అది అలంకారం కోసం అడిగేది కాదు: రెండున్నర మీటర్ల 304 స్టీలు గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 13 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఖాళీ లేకుండా అందంగా పెట్టిన టిప్పు, ఔటర్ మీద అరగంట నడిచాక బంపర్‌ని కరిగిస్తుంది. గొట్టం ఎక్కడా కింది క్రాస్ మెంబర్ కంటే కిందికి దిగకూడదు. మన కాలనీ స్పీడ్ బ్రేకర్లు దాన్ని చూసుకుంటాయి.

స్టార్ట్ చేశాక చల్లటి ఇంజిన్ మీద టిక్ టిక్ మని వచ్చి, వేడెక్కాక ఆగిపోయే శబ్దం వస్తే అది జాయింటు లీకు. లోహం సాగి ఖాళీని మూసేస్తుంది కాబట్టి వేడిలో దొరకదు. వాక్యూమ్ క్లీనర్ గాలి బయటికి ఊదే వైపు పైపుని టెయిల్ పైపులో పెట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగ ఎక్కడ లేస్తుందో అక్కడే లీకు. రెండో ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చి, క్యాట్ బాగున్నా పీ0420 రావచ్చు. క్యాట్ మార్చమని ఎవరైనా చెబితే ముందు ఈ పరీక్ష అడగండి.

స్థానిక ఫాబ్రికేషన్‌ని తక్కువ చేయనక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడల్లో టిగ్ వెల్డింగ్ శుభ్రంగా చేసే చేతులున్నాయి, దిగుమతి కిట్ ధరలో చిన్న వంతుకే పని అవుతుంది. చూడాల్సింది గొట్టం లోపలి వైపు. వెల్డింగ్ చేసేటప్పుడు గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపకపోతే స్టీలు లోపల పంచదార పాకం గడ్డకట్టినట్టు నల్లగా, గరుకుగా పొంగుతుంది, ఆ చోటే తర్వాత పగులుతుంది. చేసిన పాత ముక్క ఒకటి కోసి చూపించమని అడగండి. గొట్టం మందం 1.5 మిల్లీమీటర్లు, వంపులు మాండ్రెల్ మీద తీసినవి ఉండాలి. ముడతపడ్డ వంపు దగ్గర దారి సన్నబడుతుంది. డబ్బాలో కూరిన నార కాలక్రమంలో ఎగిరిపోయి శబ్దం నెలనెలా పెరుగుతుంది. విప్పి మళ్లీ కూరుకునేలా బోల్టుల మూత పెట్టించుకుంటే మంచిది.

చట్టం గురించి దాచకుండా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190 రెండో ఉపసెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. ఐరోపా ముద్ర ఉన్న కిట్ కూడా ఈ లెక్క నుంచి తప్పించదు. మన నగరాల పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద నలిపించిన దృశ్యాలు అందరూ చూసినవే. వారంటీ, బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడవచ్చు, ముందే రాతపూర్వకంగా అడగండి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి పరిమితి 95 డెసిబెళ్లు, అందుకు పరీక్ష పద్ధతి కూడా ఉంది.

మీరే కొలుచుకోవాలంటే నిలబడి ఉన్న కారు పద్ధతి తేలిక. మైకుని టెయిల్ పైపు చివర నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో, పైపు ఎత్తులోనే పెట్టాలి. గరిష్ఠ బలం 5,000 నుంచి 7,500 చుట్ల మధ్య వచ్చే ఇంజిన్‌ని 3,750 దగ్గర నిలిపి చదవాలి. ఫోన్ యాప్ అంకెని అసలు విలువగా నమ్మొద్దు, ముందు, తర్వాత తేడా చూడటానికి మాత్రం పనికొస్తుంది. పది డెసిబెళ్లు పెరిగితే చెవికి రెట్టింపు వినపడినట్టు.

అపార్ట్‌మెంట్ సెల్లార్లో పార్క్ చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు క్యాట్‌ని వేడెక్కించడానికి కంప్యూటర్ చుట్లు పెంచి, స్పార్క్ ఆలస్యం చేస్తుంది. కొత్త సైలెన్సర్‌తో ఆ కొద్దిసేపు కాంక్రీటు గోడల మధ్య చాలా గట్టిగా ఉంటుంది. ఆ ఒక నిమిషం ఫ్లాప్ మూసి ఉండే కిట్ అయితేనే పొద్దున్నే ఆరింటికి బయల్దేరేవాళ్లకి సరిపోతుంది. కొనేముందు అమ్మేవాణ్ణి వేడి ఇంజిన్ మీద కాకుండా, రాత్రంతా ఆగి ఉన్న కారు మీద స్టార్ట్ చేసి వినిపించమనండి. ఆ తర్వాత అదే కారులో ఔటర్ ఎక్కి, ఎనిమిదో గేరులో 120 దగ్గర పది నిమిషాలు, కిటికీలు మూసి, పాటలు ఆపి కూర్చోండి. బిగించాక 150 కిలోమీటర్లకి ఒకసారి, 500 దగ్గర మరోసారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్లాంపులన్నీ మళ్లీ బిగించాలి.